కింది మెట్టున మోగిన ఈల

నాలుగు గంటలకు కట్టయ్యను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ లోపల ఏదైనా తేలితే తేలినట్టు. లేకపోతే ఆ మనిషి మళ్లీ వెలుతురు చూసేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

ఆ సంగతి దానియేలుకు చెప్పింది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కిషన్ రావే. చెప్పి, ఇంజనీరింగ్ కాలేజీ రేడియో ల్యాబు తలుపుకు వేసిన లక్క సీలు తన చేత్తోనే పగలగొట్టాడు.

"పాత దోస్తువని తెరుస్తున్న అన్నా. చూసుకో. చూసి ఆ పొల్లకు నువ్వే నచ్చజెప్పు. పొద్దుగూకులు స్టేషన్ ముంగట కూసుంటాంది."

ఆ పొల్ల కట్టయ్య పెళ్లాం సారలమ్మ. నిన్న స్టేషన్ రోడ్డులో దానియేలు గది వెతుక్కుంటూ వచ్చింది. ఏడవలేదు. 'నా మొగడు చీమను తొక్కితె గూడ కాలు తీసి చూసుకుంటడన్నా' అని ఒక్క మాట అని ఊరుకుంది. ఇప్పుడు కాలేజీ గోడ అవతల మొగిలమ్మ చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. నేనొచ్చేదాకా కదలొద్దని దానియేలే చెప్పి వచ్చాడు.

దానియేలు, కిషన్ రావు ఒకప్పుడు ఒకే స్టేషన్లో చేశారు. పైవాళ్లు చెప్పిన చోట సంతకం పెట్టనన్నందుకు దానియేలు యూనిఫాం విప్పి ఇచ్చి బయటికి వచ్చి, దిక్కులేని వాళ్ల కేసులు చూసిపెడుతున్నాడు. కిషన్ రావు పెట్టాడు, పైకి పోయాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకుంటారు. అంతకు మించి ఏమీ లేదు.

కేసు చిన్నదే. బుధవారం నాడు ఈ ల్యాబులో ఆనందరావు అనే లెక్చరర్ కరెంటు షాకుతో పోయాడు. గది చివర నిలువెత్తు ఇనుప పెట్టె ఉంది. లోపల పెద్ద వాల్వులు. ఆనందరావు దాని స్విచ్చి ఆపి, తలుపు తీసి, మోచేతుల దాకా లోపల పెట్టి ఏదో సవరిస్తున్నాడు. వెనక నుంచి ఎవరో స్విచ్చి వేశారు. స్విచ్చి గుమ్మం పక్కన గోడకు ఉంది. దానంతట అది పడేది కాదు, బరువైన పిడి. అంతవరకు అందరూ ఒప్పుకున్నదే. వేసిన చెయ్యి ఎవరిదన్నదే తేలాలి.

"చెయ్యి కట్టయ్యదే," అన్నాడు కిషన్ రావు. "ల్యాబు అటెండరు. ముందురోజు ఆనందరావు వాన్ని నలుగుట్ల తిట్టిండు. పదకొండున్నరకు మనిషి పోయిండు. అప్పుడు లోపల ఉన్నది వాడొక్కడే. పదిహేను నిమిషాలకు మరిపెడ బస్సెక్కి ఉడాయించిండు."

"మరిపెడల వాని తల్లికి బాగలేదంట గద."

"ఉండొచ్చు. దొంగకు గూడ తల్లి ఉంటది."

"పదకొండున్నర అని ఎవరు చెప్పిండ్రు?"

కిషన్ రావు వరండా వైపు చూశాడు. అక్కడ తెల్ల బుష్‌షర్టు మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ విభాగానికి పెద్ద, ప్రొఫెసర్ వెంకట్రాజం. ఆయన పక్కన కొంచెం వెనగ్గా ఒక ఆడపిల్ల. పేరు ప్రమీల. ఆనందరావు దగ్గర ఎం.టెక్. చేస్తున్నది. పోయినాయన పేరు ఎత్తినప్పుడల్లా నేల చూపులు చూస్తున్నది.

వెంకట్రాజం తొణకలేదు. పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"ఇక్కడినుంచి అల పంపితే కేసముద్రం మార్కెట్ యార్డులో అందుకోవాలె. అక్కడ గోదాము పక్క గదిలో మా రిసీవరు పెట్టినం. పత్తి ధరలు యార్డులకు రేడియో మీద పంపాలని గవర్నమెంటు ఇచ్చిన పని. సోమవారం ఢిల్లీ నుంచి చూడ్డానికి వస్తరు. అందుకని బుధవారం పదకొండు గంటలకు ట్రయలు."

"మీరు కేసముద్రంల ఉన్నరు."

"పొద్దున్నే జీపు వేసుకుని పోయిన."

"ఒక్కలేనా?"

"ఒక్కన్నే. తాళంచెవి నా దగ్గర్నే ఉంటది."

"ఏం వినవడ్డది సార్? నాకు తెలవదు, తెలిసేటట్టు చెప్పుండ్రి."

"ఈల. ట్రయలుకు ఈలే పంపుతరు. పదకొండు కొట్టంగనే మొదలైంది. క్లీన్‌గా వచ్చింది. పదకొండున్నరకు టక్కున తెగిపోయింది. సెట్టు ఖరాబైందనుకున్న. వాపసు వచ్చేసరికి ఇక్కడ ఈ ఘోరం."

"రేడియో ముల్లు ఏమన్న అటిటు తిప్పిండ్రా? మా ఇంట్ల రేడియో తిప్పందే పలకదు."

వెంకట్రాజం మొదటిసారి నవ్వాడు. "మాది ఇంట్ల రేడియో కాదు. ఏ మెట్టు మీద రావాల్నో ముందే అనుకుంటం. పైమెట్టు. ముల్లు అక్కడ పెట్టిన, చెయ్యి తీసిన. అక్కడ్నే వచ్చింది, అక్కడ్నే తెగింది."

"మంచిది సార్."

"నేను పోవచ్చా? పనులున్నై."

కిషన్ రావు తల ఊపాడు. వెంకట్రాజం చెప్పుల చప్పుడు వరండా చివరి దాకా వినిపించి ఆగిపోయింది.

దానియేలు ల్యాబులోకి నడిచాడు. బుధవారం పోలీసులు మెయిను ఆపి తలుపు మూసింది మొదలు ఎవరూ లోపలికి రాలేదు. గాలి లేక గది కమురు వాసన కొడుతున్నది. ఇనుప పెట్టె ముందు నేల మీద సున్నంతో గీసిన మనిషి ఆకారం. పెట్టె తలుపు తెరిచే ఉంది. దానియేలు దాని జోలికి పోలేదు. దాన్ని పోలీసులు చూసే ఉంటారు. ఎడమ పక్క బల్ల మీద అట్టపెట్టెంత డబ్బా ఉంది. మూత తీసి ఉంది. లోపల నల్ల పురుగుల్లాగ చిప్పులు. వెనక నుంచి రెండు వెడల్పాటి పట్టీ తీగలు వచ్చి రెండు సాకెట్ల మూతుల్లో దూరాయి.

"బిడ్డా, ఇదేంది?"

ప్రమీల గుమ్మంలోనే ఆగింది. సున్నం గీత దాటి రావడానికి ఆమెకు కాలు రాలేదు. గోడ పక్క నుంచి చుట్టు తిరిగి వచ్చింది.

"అసలు మిషను ఇదే సార్. ఆ పెద్ద పెట్టె ఉత్త బలం ఇచ్చేది. ఇది అంకెల్ని కరెంటు అల చేస్తది. కానీ ఆ అల కిందనే ఉంటది, దూరం పోదు. పైకెత్తాలె. ఎత్తాల్నంటే ఇంకో అలతోని కలపాలె. కలిపితే ఒకటి గాదు, రెండు పుడతయి. ఒకటి పైమెట్టు మీద, ఒకటి కింది మెట్టు మీద."

"రెండెందుకు?"

"బావి గట్టు మీద మనిషి నిలవడ్డడనుకోండ్రి. నీళ్లల్ల నీడ పడ్తది గద. మనిషి ఎంత పైకుంటె నీడ అంత కిందికి. మనకు మనిషి కావాలె. నీడ వద్దు. నీడ పోయి రేడియో స్టేషన్ల మీద పడి గోల చేస్తది."

"మరి నీడను ఎట్ల తీసేస్తరు?"

"అందరు అల తయారైనంక కలుపుతరు సార్. మా సారు అంకెలున్నప్పుడే కలిపిండు. రెండు వరసల అంకెలు ఈ రెండు పట్టీలల్ల వస్తయి. ఒక వరస ముందు నడుస్తది, రెండోది పావు చుట్టు వెనక నడుస్తది. ఎర్ర టేపు చుట్టింది ముందు నడిచేది. ఎర్ర చుక్క ఉన్న మూతిల పెట్టాలె. అట్ల పెడితె నీడ చెరిగిపోతది, మనిషి మిగులుతడు."

దానియేలు వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు. ఎర్ర టేపు తీగ ఎర్ర చుక్క మూతిలో లేదు. పక్కదాంట్లో ఉంది.

"తీగలు అటుదిటు ఇటుదటు అయితే ఏమైతది?"

"ఎవరు ముందు నడవాల్నో మారిపోతది. మనిషి చెరిగిపోయి నీడ మిగులుతది." అంటూనే ఆమె కూడా చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పోలీసులు గుంజి పెట్టిండ్రేమో," అన్నాడు దానియేలు, కిషన్ రావుకు వినబడేటట్టు.

"మావోళ్లు దాన్ని ముట్టలె," అన్నాడు కిషన్ రావు.

"ఎవరు గుంజలే సార్," అంది ప్రమీల. "ఇది మా సారు పద్ధతే. ముందుగాల కావాల్నని తప్పు పెట్టేటోడు. తప్పు పెట్టినప్పుడు పైమెట్టు మీద చీమ చప్పుడు గూడ రావొద్దు అనేటోడు. వస్తే ఎక్కడ్నో తూకం తప్పిందన్నట్టు. ఈల జరుపుకుంట, జరుపుకుంట, పైన ఏమీ లేకుండ చేసుకోని, అప్పుడు తీగలు సరిగ్గ పెట్టేటోడు. నేను నవ్వేదాన్ని. తొందరుంటె నేరుగ పెట్టొచ్చు గద సార్ అంటె, తప్పును ముందు చూసినోనికే ఒప్పు మీద నమ్మకం ఉంటది అనేటోడు."

"ఎంతసేపు పడ్తది?"

"తక్కువల తక్కువ రెండు గంటలు."

"బుధవారం ఎప్పుడు మొదలువెట్టిండు?"

"పొద్దున కరెంటు లేదు సార్. పదిన్నరకు వచ్చింది. నేను అప్పుడే పరీక్ష డ్యూటీకి పోయిన. పోంగ చూసిన, అప్పుడే ఈ డబ్బా స్విచ్చి వేస్తాండు."

దానియేలు లెక్క వేసుకోవాల్సిన పని లేకపోయింది. పదిన్నరకు మొదలుపెట్టిన మనిషి, రెండు గంటలు తప్పు మీద కూర్చునే మనిషి, పదకొండు గంటలకు పైమెట్టు మీద ఈల పంపలేడు. పంపలేదు కూడా. తీగలు ఇంకా తప్పులోనే ఉన్నాయి. ఒప్పుకు రాకముందే మనిషి పోయాడు. బుధవారం ఈ గదిలోంచి పైమెట్టు మీదికి ఏ ఈలా పోలేదు. వెంకట్రాజం క్లీన్‌గా విన్నది ఏమిటి?

"వెంకట్రాజం సారుకు ఈ పద్ధతి ఎరుకేనా బిడ్డా?"

"ఆయన చెయ్యి పెట్టడు సార్. ట్రయలు టైముకే వస్తడు." డబ్బా వైపు చూస్తూ అంది. "ఢిల్లీవాళ్లకు మాత్రం ఇది తన మిషనని రాసిండు. సోమవారం వాళ్ల ముంగట అడుగుత అన్నడు మా సారు."

కిషన్ రావు కిటికీ దగ్గర నిలబడి సిగరెట్టు వెలిగించాడు.

"అయిపోయిందా అన్నా? ఎర్ర తీగ, తెల్ల తీగ. గిది నేను కోర్టుల చెప్పాల్నా? జడ్జి నన్ను దవాఖానకు పంపుతడు."

"తీగ గురించి నువ్వు చెప్పకు. వెంకట్రాజం అబద్ధం చెప్పిండని చెప్పు."

"ప్రొఫెసరు మాట ఒకదిక్కు, మూత తీసిన డబ్బా ఒకదిక్కు. అటెండరు కోసం పెద్దమనిషి మీద చెయ్యి వెయ్యమంటవు. నీకేం, నీకు పోయేటిది లేదు."

"నాకు పోయేది అప్పుడే పోయింది కిషన్. ఈ కేసు మీద నీ సంతకం సిరా ఇంక ఎండలేదు, చూసుకో."

కిషన్ రావు ముఖం నల్లబడింది. సిగరెట్టు కిటికీ చువ్వకు అదిమి ఆర్పాడు. ప్రమీల ఇద్దరి వైపూ చూసి గోడకు ఆనుకుంది.

"సాక్షి కావాలె," అన్నాడు చివరికి. "నీడో మనిషో, విన్న సాక్షి కావాలె. చెవులున్న సాక్షి. ఉంటే తీసుకరా, లేకుంటె నా టైము ఖరాబు చెయ్యకు."

దానియేలు ప్రమీల వైపు తిరిగాడు. "ఆ పెద్ద పెట్టె వెయ్యకుండ, ఈ చిన్న డబ్బా ఒక్కటే నడిస్తే ఈల ఎంత దూరం పోతది?"

"ఎంతనో పోదు సార్. ఈ గోడ అవతలి దాక."

గోడ అవతల చాయ్ బండి. బండి మీద రేడియో. పొద్దున అక్కడ చాయ్ తాగినప్పుడు కూడా ఆ రేడియో పాడుతూనే ఉంది.

మొగిలమ్మ గ్లాసులు కడుగుతున్నది. సారలమ్మ కూర్చున్న బల్ల ఖాళీగా ఉంది.

"ఆ పొల్ల ఏది అక్కా?"

"జీపు వచ్చిందన్నా. మొగన్ని చూపిస్తమని తోలుకపోయిండ్రు. ఏడ్సుకుంట ఎక్కింది పాపం."

స్టేషన్‌కు తీసుకుపోయి ఉంటారనుకున్నాడు దానియేలు. కోర్టుకు పోయే ముందు ఒకసారి చూపిస్తారు, మామూలే. కిషన్ రావులో ఆ మాత్రం మనిషి మిగిలి ఉన్నందుకు లోపల కొంచెం నెమ్మదించాడు.

"అక్కా, బుధవారం నీ రేడియో ఎట్ల పలికింది?"

మొగిలమ్మ గ్లాసు బండి మీద కొట్టినట్టు పెట్టింది. "పలికిందా? నా తలకాయ పలికింది. కరెంటు వచ్చిన సంది ఒకటే కూత. పాట మీద కూత, వార్తల మీద కూత. జరంత సన్నగయితది, మళ్ల లావయితది, ఎవడో కూసోని మీటినట్టు. గిరాకి అంత నవ్వుతాండ్రు, మొగిలక్క రేడియోల పిశాచం సొచ్చిందని. రెండు గుద్దులు గుద్దిన."

"ఎప్పటిదాక?"

"ఒంటిగంట బెల్లు దాక. బెల్లుకు ముంగట ఒక్కసారి బొబ్బ వెట్టింది చూడు, రేడియో పలిగిపోతదనుకున్న. చెయ్యి వెనుకకు తీసిన. అంతే, మళ్ల చప్పుడు లేదు. గప్పుడే బెల్లు కొట్టిండ్రు, పోరగాళ్లు అన్నానికి ఉరికొచ్చిండ్రు."

దానియేలు బల్ల మీద కూర్చున్నాడు. సన్నగా లావుగా మారిన కూత, డబ్బా ముందు కూర్చుని మెట్టు మెట్టూ జరుపుకుంటున్న ఆనందరావు చెయ్యి. చివరి బొబ్బ, గుమ్మం పక్క పిడి ఎవరో పైకి నెట్టినప్పుడు పెద్ద పెట్టెలో పుట్టిన బలం. ఒక మనిషి చావు ఈమె రేడియోలో వినబడింది. విని ఆమె రేడియోను తిట్టింది. ఒంటిగంట అయ్యేసరికి కట్టయ్య మరిపెడలో తల్లి మంచం పక్కన ఉన్నాడు. అక్కడ దించినట్టు బస్సు కండక్టరు పోలీసులకు మొన్ననే చెప్పాడు.

"ఈ సంగతి పోలీసోళ్లకు చెప్పినవా?"

"రేడియో ఖరాబైందని పోలీసుకు చెప్తరా అన్నా?"

కిషన్ రావును బండి దగ్గరికి రప్పించడానికి దానియేలు రెండుసార్లు పోవలసి వచ్చింది. ఆయన వచ్చేసరికి కరెంటు పోయింది. చాయ్ తాగాడు. రెండో చాయ్ తాగాడు. వాచీ చూసుకున్నాడు. మూడు దాటిందేమో, పెద్ద పెట్టె పిడి దించి, మెయిను వేసి, చిన్న డబ్బా ఒక్కటే నడిపి ల్యాబు కిటికీలోంచి ప్రమీల చెయ్యి ఊపింది. కరెంటు వచ్చింది.

రేడియోలో ఆడగొంతు ఏదో పాడుతున్నది. పాట మధ్యలో సన్నగా కూత లేచింది. లేచి, లావై, పాటను మింగేసింది.

"గిదే," అంది మొగిలమ్మ. "గిదే లొల్లి."

దానియేలు చెయ్యి ఎత్తాడు. లోపల ప్రమీల తీగలు పీకి, ఎర్రది ఎర్ర చుక్కలో పెట్టింది. కూత తగ్గలేదు, పోయింది. పాట ఎక్కడ మునిగిందో అక్కడ్నుంచి తేలింది. దానియేలు మళ్లీ చెయ్యి ఎత్తాడు. తీగలు తప్పులోకి పోయాయి. కూత మళ్లీ వచ్చింది.

కిషన్ రావు ఆ రేడియో మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఆయన తెలివి తక్కువ మనిషి కాదు. ఎటు చూడాలో ఎటు చూడొద్దో తెలిసిన మనిషి. ఇప్పుడు చూడక తప్పలేదు.

"పైమెట్టు మీద విన్న అన్నడు," అన్నాడు నెమ్మదిగా.

"అన్నడు. ముల్లు గూడ తిప్పలే అన్నడు. ట్రయలు పదకొండుకని ఎరుక, కట్టయ్య ఎప్పుడు పోతడో ఎరుక. కరెంటు పోయిందని ఎరుక లేదు. ఆయన కేసముద్రంల లేడు కిషన్. ఒంటిగంటకు ముంగట ఈ గుమ్మం దగ్గరున్నడు."

"కట్టయ్యను కోర్టుకు తియ్యొద్దని ఫోను చేస్త." కిషన్ రావు టోపీ సర్దుకుని ప్రిన్సిపాల్ గది వైపు పోయాడు. ఆ నడకలో పాత ఎస్సై కొంచెం కనిపించాడు దానియేలుకు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ నడక లేదు.

"కట్టయ్య ఒప్పుకున్నడంట."

"ఏం ఒప్పుకున్నడు?"

"స్విచ్చి నేనే వేసిన అన్నడంట. రాసిండ్రు. వేలిముద్ర వేసిండు. అరగంట అయింది." టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "వెంకట్రాజం పోయిండంట స్టేషన్‌కు. మా అటెండరు, ఒక్కసారి మాట్లాడుత అంటే రైటరు లోపలికి వదిలిండు. పెద్దమనిషి గద అని."

మూడు రోజులు కొట్టినా నోరు విప్పని మనిషి, ఒక్క మాటకు చెయ్యి చాపాడు.

"కిషన్, సారలమ్మను నీ జీపుల పంపినవు గద. ఆమె స్టేషన్ల ఉన్నదా?"

"నా జీపు ఎక్కడ పోయింది? అగో, గేటు కాడనే ఉన్నది." కిషన్ రావు అర్థం కాక చూశాడు. "సారలమ్మను ఎవరు పంపిండ్రు?"

ఇద్దరూ మొగిలమ్మ వైపు తిరిగారు. ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"కాలేజీ జీపే అన్నా. ఆ తెల్లంగి పెద్దసారే నడుపుతాండు. సారు మంచోడు గద అనుకున్న."

కిషన్ రావు పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ పొట్టతో, ప్రిన్సిపాల్ గది దాకా పరుగెత్తాడు. దానియేలు వెనకే పోయి గుమ్మంలో నిలబడ్డాడు. ఫోను అవతల రైటరు మాటలు ముక్కలు ముక్కలుగా ఇవతలికి వినబడుతున్నాయి. జీపు స్టేషన్ ముందే ఆపాడంట. వెనక సీట్లో ఎవరో ఆడమనిషి తల వంచుకుని కూర్చుందంట. ఎవరని అడగలేదంట. వెంకట్రాజం లాకప్ దగ్గర నిలబడి నెమ్మదిగానే మాట్లాడాడంట, గొంతు పెంచలేదంట. కట్టయ్య కిటికీలోంచి ఆ జీపును ఒక్కసారి చూసి, సిరా డబ్బీ తనే అడిగాడంట.

"జీపు ఎటు పోయింది?" అరిచాడు కిషన్ రావు. "ఆమె దిగిందా లేదా?"

అవతల ఎవరినో అడుగుతున్నట్టున్నారు. తర్వాత రైటరు ఏదో చెప్పాడు. కిషన్ రావు ఫోను పెట్టలేదు. అలాగే చెవికి పట్టుకుని దానియేలు వైపు చూశాడు.

"దిగలేదంట అన్నా. జీపు కేసముద్రం రోడ్డు పట్టిందంట."